ఉట్టి కింది మనిషి

ఉట్టి పండగ రోజు పొద్దున్నే పుండలీక్ గావస్ స్నానాలగది గడియ పెట్టుకుని, వేలి కొస పొడుచుకుని, రక్తపు చుక్కను చక్కెర మీటరు పట్టీకి తాకించాడు. మీటరు చూపించిన అంకె చూసి, బోర్లించిన బకెట్టు మీద అలాగే కూలబడిపోయాడు. ఐదు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

ఎందుకయిందో అతనికి తెలుసు. నిన్న గోకులాష్టమి, పైగా మంగళవారం. మంగళ, శుక్రవారాలు డాక్టరమ్మ రోజులు. ఆ రెండు రోజులూ అన్నం, చపాతీ, రొట్టె, దుంపలు, తీపి ఏవీ ముట్టకూడదు. గుడ్లు, చేపలు, ఆకుకూరలు, పెరుగు, ఓ గుప్పెడు వేరుశనగపప్పు, అంతే. మిగతా ఐదు రోజులూ నలుగురిలాగే తినొచ్చు, కాకపోతే కంచం అంచు కనపడేలా తినాలి. ఆఫీసు మేడలో లిఫ్టు నడుపుతూ స్టూలు మీద కూర్చుని కూర్చుని నూటపది కిలోలకి ఊరిన మనిషి, ఈ పద్ధతిలో పద్నాలుగు కిలోలు దిగాడు. మోకాళ్ళ నొప్పి పోయింది. గురక తగ్గింది. చాల్‌లో (తాముండే వరసగదుల పాత మేడలో) మూడో అంతస్తుకి ఆగకుండా ఎక్కుతున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, చక్కెర అదుపులోకి వచ్చింది.

మరి నిన్నేమయింది? శ్రావణమాసం కాబట్టి చేపా గుడ్డూ ఇంటి గడప తొక్కవు. దానికి తోడు అష్టమి ఉపవాసం. వాళ్ళ వైపు ఇళ్ళల్లో ఉపవాసమంటే పస్తు అనుకునేరు! ఏకాదశి వస్తే రెట్టింపు తిండి అని వాళ్ళని వాళ్ళే వెక్కిరించుకుంటారు. భార్య సులభ నేతిలో దోరగా వేయించిన సగ్గుబియ్యం కిచిడీ, చిలగడదుంప ముక్కలు, బంగాళాదుంప వేపుడు చేసి ముందు పెట్టింది.

"అన్నం లేదు, చపాతీ లేదు. దేవుడు చెప్పిందీ అదే, డాక్టరమ్మ చెప్పిందీ అదే. ఇద్దరూ ఒక్కరోజే కలిశారు, మీ అదృష్టం" అంది.

ఇది కాదేమోనని పుండలీక్ మనసు ఓ మూల గొణిగింది. కానీ ఆ నేతి వాసన ముందు మనసు గొణుగుడు ఎవడికి కావాలి? పొద్దున తిన్నాడు, మధ్యాహ్నం తిన్నాడు, సాయంత్రం అడిగి మరీ పెట్టించుకున్నాడు. డాక్టరమ్మ రోజు కదాని మాత్ర మాత్రం మానేశాడు.

ఆ మాత్ర సంగతి డాక్టర్ నేర్లేకర్ మొదటి రోజే వేలు చూపించి మరీ చెప్పింది. పక్కన కూతురు కేతకి కూడా ఉంది.

"అన్నం తిన్న రోజు మాత్ర. అన్నం తినని రోజు మాత్ర లేదు. ఇది చక్కెరని కిందికి లాగే మాత్ర. లాగడానికి లోపల ఏమీ లేకపోతే నిన్నే లాగి కింద పడేస్తుంది. చెమటలు పడతాయి, ఒళ్ళు వణుకుతుంది, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు వెంటనే తీపి నోట్లో వేసుకోవాలి. అర్థమైందా?"

"అర్థమైంది బాయీ" అన్నాడు పుండలీక్. అర్థమైంది కూడా. అయితే అర్థమవడం వేరు, పుట్టి పెరిగిన బుద్ధి వేరు. వాళ్ళమ్మ సోమవారం నోము చేస్తూ పొరపాటున ఓ గుక్క టీ తాగితే మర్నాడు కటిక ఉపవాసం ఉండేది. నిన్న తప్పింది ఈవేళ తీర్చాలి, రెట్టింపు తీర్చాలి. దేవుడితో అదే లెక్క. ఈ మంగళ, శుక్రవారాలు కూడా పుండలీక్‌కి ఎప్పుడు నోములైపోయాయో అతనికే తెలియదు. తప్పిన మంగళవారాన్ని ఈ బుధవారం తీర్చేయాలనుకున్నాడు. గింజ ముట్టకూడదు. నిన్న మానేసిన మాత్ర, ఇవాళ వేసుకోవాల్సిన మాత్ర, రెండూ కలిపి వేసుకుంటే చెడిన చక్కెర దారికి వస్తుంది.

రెండు తెల్ల మాత్రలు అరచేతిలో వేసుకుని, కుళాయి నీళ్ళతో గుటుక్కున మింగేశాడు.

బయటికి రాగానే సులభ ఉల్లిపాయ అటుకుల పళ్ళెం పట్టుకుని నిలబడింది. "ఈవేళ మామూలు రోజే కదండీ. వేడిగా ఉంది, తినేసి వెళ్ళండి. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"మరి తినండి."

"జట్టుతో తింటాలే. అక్కడ అందరికీ వండుతున్నారు" అన్నాడు. మాత్ర మాట నిజం, తిండి మాట అబద్ధం. రెంటినీ కలిపి చెప్పేసరికి సులభకి అనుమానం రాలేదు. రెండు చెంచాల పెరుగు, గుప్పెడు వేరుశనగపప్పు నోట్లో పోసుకుని మెట్లు దిగిపోయాడు.

వాళ్ళుండే పేరూ వాడీ మొగలో లారీ సిద్ధంగా ఉంది. పసుపు బనియన్లు వేసుకున్న జట్టు మొత్తం దాని చుట్టూ మూగి ఉంది. ఆ జట్టులో పుండలీక్‌ది నడిమి పునాది. కింద వరసలో చుట్టూ ఎందరున్నా, సరిగ్గా ఉట్టి కింద మెడ వంచి నిలబడే మనిషి ఒక్కడు. మీద ఆరు అంతస్తులు లేస్తే ఆ బరువంతా ముందు వాడి భుజాల మీదకే దిగుతుంది. అతని తండ్రి అక్కడే నిలబడ్డాడు. తండ్రి తర్వాత ఇతను.

ఈ ఏడు మాత్రం ఆ చోటు ఊడిపోబోయింది. జట్టును నడిపే తాత్యా ఘాడీ, డెబ్బై ఏళ్ళ పాత మిల్లు కార్మికుడు, బాన పొట్ట, మెళ్ళో ఈల, మాటలో కారం. సాధన మొదలుపెట్టిన రోజే పుండలీక్‌ని కిందనుంచి పైదాకా చూసి అందరి ముందూ అనేశాడు.

"ఏరా, కొడుకా, ఎవరు తినేశారు నిన్ను? చూస్తే సగమయ్యావు. వారానికి రెండు రోజులు ఆకులు మేస్తున్నావటగా? పునాదికి బరువు కావాలిరా, ఆకులు మేసే మేక కాదు. నువ్వు చుట్టు వరసలోకి జరుగు. నడిమి చోటు ఘనా తీసుకుంటాడు."

ఘనా అంటే ఘనశ్యామ్ పరబ్, పక్క చాల్ మనిషి, గోడలా ఉంటాడు. అతను మీసం కింద నవ్వాడు. పుండలీక్‌కి పుండు మీద కారం చల్లినట్టయింది.

"బరువు తగ్గింది తాత్యా, బలం తగ్గలేదు" అన్నాడు. "ఇప్పుడే నిలబెట్టి చూడండి. నా మూలంగా పైనున్న ఒక్క మనిషి దిగాల్సొస్తే, ఇక ఈ జన్మలో ఉట్టి కింద కాలు పెట్టను. అందరూ వినండి!"

అందరూ విన్నారు. ఆ నెలంతా నిలబడ్డాడు కూడా. నిజంగానే ఇదివరకటికన్నా గట్టిగా నిలబడ్డాడు, ఆయాసం లేదు, మోకాలు వంగలేదు. తాత్యా ఈల నములుతూ చూసి ఊరుకున్నాడు. కానీ ఆ పందెం మాత్రం గాలిలో అలాగే వేలాడుతూ ఉంది. అందుకే ఈ పొద్దుటి అంకె పుండలీక్‌ని అంతలా భయపెట్టింది. డాక్టరమ్మ చెప్పిన దారి తప్పాడు, ఇక ఒళ్ళు కూడా పట్టు తప్పుతుందని అతని భయం.

లారీ కదిలే ముందు తాత్యా వడా పావ్‌లు పంచాడు. "తినరా పుండ్యా."

"వద్దు తాత్యా."

"ఈవేళ కూడా ఆకులేనా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! ముందు ఉట్టి కొడదాం, ఆ తర్వాత సన్నబడుదువులే, తిను!"

చుట్టూ గొల్లుమన్నారు. పుండలీక్ చేతులు కట్టుకుని లారీ మూల నిలబడ్డాడు. కేతకి జనంలోంచి తోసుకుంటూ వచ్చింది. పదహారేళ్ళది. పోయినేడు చిట్టచివర నిలబడి ఉట్టి కొట్టింది ఈ పిల్లే. ఈ ఏడు జానెడు పెరిగింది, ఒక మెట్టు కిందికొచ్చింది. ఇప్పుడు పైనుంచి రెండో మనిషి. తాడు కట్టేది చిట్టచివరి మనిషికే. రెండో మనిషికి తల మీద శిరస్త్రాణం తప్ప మరేమీ ఉండదు.

"బాబా, పొద్దున్న ఏం తిన్నావు?"

"అటుకులు."

"నిజంగా?"

"మీ అమ్మనడుగు పో! నేనేమన్నా పసిపిల్లాడినా?" కసురుకున్నాడు. కేతకి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఎందుకు కసిరాడో అతనికీ తెలియలేదు. కడుపులో ఏదో తోడేస్తున్నట్టుంది. ఆకలి అనుకున్నాడు. ఆకలి వేస్తే నోము పండుతున్నట్టే అని కూడా అనుకున్నాడు, చూడండి మనిషి తెలివి!

మొదటి ఉట్టి వాళ్ళ వాడలోదే, ఐదు అంతస్తులు. అవలీలగా కొట్టేశారు. దిగిన పిల్లల చేతుల్లో తాత్యా అలవాటు ప్రకారం జేబులోంచి పటికబెల్లం ముక్కలు పెట్టాడు. ప్రసాదం అంటాడు. ఆయన జేబు పటికబెల్లం లేకుండా ఎవరూ చూడలేదు. పుండలీక్‌కి కూడా ఓ ముక్క చాపాడు. పుండలీక్ తల అడ్డంగా ఊపాడు.

"దేవుడి ప్రసాదం కూడా వద్దా? ఖర్మ!" అన్నాడు తాత్యా.

పెద్ద ఉట్టి నాలుగు వీధుల కూడలిలో కట్టారు. దానికోసం ఆరు జట్లు కాచుకుని ఉన్నాయి. వాన జల్లు, మేడల మీంచి ఆడవాళ్ళు బిందెలతో కుమ్మరించే నీళ్ళు, తాషా డప్పుల మోత, స్పీకరు పెట్టెల్లోంచి పాటలు. పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే పుండలీక్ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఒళ్ళంతా చెమట, అదీ చల్లటి చెమట. అయితే అక్కడ తడవని మనిషెవరు? అందరూ తడిసి ముద్దయి ఉంటే ఈ ఒక్కడి చెమట ఎవడు చూస్తాడు? చలిగాలి అనుకున్నాడు. లారీ చక్రాన్ని పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ మాటలు అప్పుడు గుర్తుకొచ్చాయి. చెమటలు పడతాయి, ఒళ్ళు వణుకుతుంది. పక్కనే చెరుకురసం బండి ఉంది. ఒక్క గ్లాసు తాగితే చాలు. అటు అడుగు వేయబోయాడు కూడా. ఇంతలో ఈల మోగింది.

"పేరూ వాడీ జట్టు! రండి, రండి! పుండ్యా, ఎక్కడ చచ్చావురా, నడిమికి రా!"

చెరుకురసం తాగొస్తానని చెప్పొచ్చు. చెబితే ఏమంటారు? ఆకులు మేసే మేకకి కళ్ళు తిరిగాయిరోయ్ అంటారు. ఘనా మీసం కింద నవ్వుతాడు. ఏడు అంతస్తులు లేచి దిగడానికి ఎంతసేపని, ఓర్చుకుందాం అనుకున్నాడు. వెళ్ళి ఉట్టి కింద నిలబడ్డాడు. మనిషి సిగ్గు ఎంత పని చేయిస్తుందో చూడండి! గ్లాసు చెరుకురసం దూరంలో ఉన్న ప్రాణాన్ని తెచ్చి ఆరు అంతస్తుల కింద పెట్టించింది.

మెడలు వంచారు. భుజాల మీద చేతులు బిగించారు. ఎదురుగా ఘనా, నుదురుకి నుదురు తగిలేంత దగ్గర. వాళ్ళ చుట్టూ మరో వరస, దాని చుట్టూ మరో వరస ఒత్తుకుని నిలబడ్డాయి. రెండో అంతస్తు పాదాలు భుజాల మీదకి ఎక్కాయి. బరువు దిగింది. పుండలీక్ పళ్ళు బిగించాడు. మూడో అంతస్తు. నాలుగు.

అక్కడ నిలబడ్డవాడికి పైన ఏం జరుగుతుందో కనపడదు. కనపడేది బురద, కాళ్ళు, ఎదుటివాడి గడ్డం. ఎవరు ఎక్కుతున్నారో పాదాన్ని బట్టే తెలుసుకోవాలి. ఐదో అంతస్తుకి వెళ్ళే కుర్రాడు రోషన్, ఘనా కొడుకు, బరువుగా తొక్కుతూ పైకి పోయాడు. ఆ తర్వాత ఓ చిన్న పాదం తొడ మీద ఆనింది. పైకి లేస్తూ అతని చెవి మెలిపెట్టింది. కేతకి! చిన్నప్పట్నుంచీ పైకి ఎక్కేటప్పుడల్లా తండ్రి చెవి మెలిపెట్టి పోతుంది. పొద్దున కసిరినా మానలేదు.

ఆ పాదం భుజం దాటగానే పుండలీక్‌కి బురద రెండుగా కనిపించింది.

కళ్ళు ఆర్పాడు. రెండు బురదలు, రెండు ఘనాలు. చెవుల్లో తాషాల మోత ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. మోకాళ్ళలో సత్తువ నీరులా జారిపోతోంది. ఇది చలి కాదు, ఆకలి కాదు. మాత్ర లాగుతోంది. లోపల లాగడానికి ఏమీ లేక తననే లాగుతోంది. తను పడితే తనొక్కడే పడడు. పిల్ల ఇప్పుడు ఆరో అంతస్తులో, చిట్టచివరి మనిషి ఎక్కడం కోసం కాచుకుని నిలబడి ఉంటుంది. దానికి తాడు లేదు.

ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే ఉట్టి పగులుతుందేమో! పగిలితే అందరూ దిగుతారు, తర్వాత పడితే పడ్డాడు, ఎవరికీ తెలియదు. చెబితే? చెబితే ఈ జన్మలో ఉట్టి కింద కాలు పెట్టనన్న మాట, అందరూ విన్న మాట. తండ్రి నిలబడ్డ చోటు. ఇంకొక్క క్షణం. ఎడమ మోకాలు తనంతట తనే వంగింది. పైనంతా ఒక్కసారి ఊగింది. జనం హోయ్ మని అరిచారు.

ఆ ఊగుడులో పైనుంచి సన్నటి కేక వినిపించింది. ఎవరిదో తెలియలేదు. పుండలీక్‌కి అది కేతకిదే.

"ఘనా" అన్నాడు. నాలుక మందంగా తిరిగింది. "ఘనా... దించమను."

"ఏంటి?"

"నాకు చక్కెర పడిపోయింది. పడిపోతాను. పైవాళ్ళని దించమను... నా పిల్ల..."

ఘనా మొహంలో నవ్వు లేదు. ఒక్క క్షణం పుండలీక్ కళ్ళలోకి చూశాడు. ఎటూ నిలవకుండా తిరుగుతున్న ఆ కళ్ళలో ఏం కనపడిందో, తల ఎత్తకుండానే గొంతు చించుకుని అరిచాడు. "తాత్యా! దించు! దించేయ్!"

పక్కవాడు అందుకున్నాడు, వాడి పక్కవాడు అందుకున్నాడు. ఆ అరుపు వరసలు దాటుకుంటూ బయటికి పోయింది. ఈల మోగింది. పొడుగ్గా, ఆగకుండా మోగింది.

దిగడమంటే ఎక్కడం కన్నా కష్టం. పైవాళ్ళు దిగితేనే కిందివాళ్ళు దిగాలి. తొందరపడితే అందరూ కుప్ప. ఆ కాసేపూ పునాది కదలకూడదు. పుండలీక్‌కి ఇప్పుడు తానెక్కడున్నాడో కూడా సగమే తెలుస్తోంది. లిఫ్టులో ఉన్నాననుకున్నాడు, తలుపు మూసుకోవడం లేదనుకున్నాడు. ఘనా తన నుదుటితో అతని నుదుటిని గట్టిగా నొక్కి పట్టాడు.

"పుండ్యా! నన్ను చూడరా! కళ్ళు మూశావో చంపేస్తా! మీ అమ్మాయి ఎక్కడుంది చెప్పు?"

"పైన..."

"పైనే ఉంది. దిగుతోంది. నా కొడుకు కూడా పైనే ఉన్నాడు. ఆ కాళ్ళు కదిపావంటే..." గోడలాంటి మనిషి గొంతు వణికింది.

చిన్న పాదం భుజం మీద ఆనింది. తొడ మీదికి జారింది. నేల మీదికి దిగింది. పుండలీక్ నిలబడ్డాడు. రోషన్ దిగాడు. నాలుగో వరస దిగింది. మూడు. భుజాల మీద ఆఖరి బరువు తేలికపడగానే పుండలీక్ ఘనా చేతుల్లోకి మూటలా వాలిపోయాడు.

బురదలో పడుకోబెట్టారు. చుట్టూ జనం. తలో మాట.

"తాగొచ్చాడ్రా!"

"పండగ పూట ఇదేం పోయేకాలం! పిల్లలు పైనుండగా!"

"తాగలేదు, షుగర్ మనిషి. షుగర్ ఎక్కువైంది. చెరుకురసం ఇవ్వకండి, చచ్చిపోతాడు! వేపాకు ఏమైనా ఉందా?"

చెరుకురసం గ్లాసు పట్టుకుని వచ్చినవాడు ఆ మాట విని వెనక్కి తగ్గాడు. కేతకి జనం కాళ్ళ సందుల్లోంచి దూరి వచ్చి తండ్రి మొహం రెండు చేతులతో పట్టుకుంది.

"బాబా! ఈవేళ అన్నం తిన్నావా?"

తల అడ్డంగా కదిలింది.

"మాత్ర వేసుకున్నావా?"

పుండలీక్ వణికే చెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించాడు.

కేతకి కెవ్వుమంది. "తీపి! ఎవరైనా తీపి ఇవ్వండి! ఎక్కువ కాలేదు, పడిపోయింది! గ్లాసు ఇటివ్వండి!"

"పిచ్చిపిల్లా, షుగర్ మనిషికి తీపి పోస్తావా? తండ్రిని చంపుకుంటావా?" ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని లాగారు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ తెలిసినవాళ్ళే, అందరూ అడ్డం నిలబడ్డారు. కేతకి ఆ చెయ్యి కొరికింది. పుండలీక్ కళ్ళు పైకి తిరుగుతున్నాయి.

"తప్పుకోండిరా, గాడిదల్లారా!"

తాత్యా బాన పొట్టతో జనాన్ని తోసుకుంటూ వచ్చి బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గ్లాసు వంక చూడనైనా చూడలేదు. జేబులోంచి పటికబెల్లం తీసి పళ్ళతో పటపటా నలిపాడు. ఆ పొడి చేతిలోకి తీసుకుని పుండలీక్ చెంప లోపల, చిగుళ్ళ మీద వేలితో రుద్దాడు. ఆ చెయ్యి తడబడలేదు. "ఇప్పుడు పోస్తే గొంతులో అడ్డం పడుతుంది. ముందు మింగడం రానీ. పక్కకి తిప్పు, అమ్మాయ్, పక్కకి తిప్పు." మళ్ళీ ఓ ముక్క నలిపి రుద్దాడు. మళ్ళీ మరోటి. "మింగరా, కొడుకా. మింగు."

కాసేపటికి పుండలీక్ గొంతు కదిలింది. చప్పరించాడు. అప్పుడు చెరుకురసం గ్లాసు గుక్క గుక్కగా పట్టించారు. కళ్ళు నిలబడ్డాయి. ఆ కళ్ళు ముందు కూతుర్ని వెతికి పట్టుకున్నాయి.

సరిగ్గా అప్పుడే కూడలిలో పెద్ద కేక లేచింది. పక్క వీధి జట్టు ఉట్టి కొట్టేసింది. పెరుగు, అటుకులు జనం నెత్తిన పడ్డాయి. పేరూ వాడీ వాళ్ళెవరూ అటు చూడలేదు.

కూడలి మలుపులో ఉన్న దవాఖానాలో సీసా నుంచి చక్కెర నీళ్ళు ఎక్కించి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు. డాక్టర్ నేర్లేకర్ ఫోన్లోనే అక్షింతలు వేసింది. "రెండు మాత్రలా? ఎవరు చెప్పారు నీకు? తప్పిన రోజు తప్పిందంతే. మర్నాడు మామూలుగా తినాలి. ఇదేమన్నా నోమా, బాకీ తీర్చడానికి?" సులభ మంచం పక్కన కూర్చుని తన సగ్గుబియ్యాన్ని తనే తిట్టుకుంటూ కళ్ళు తుడుచుకుంది. "అన్నం ఒక్కటే కాదు, సగ్గుబియ్యమూ అంతేనట. పళ్ళెం ముందు పెట్టింది నేనే" అంటూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది.

సాయంత్రం తాత్యా, ఘనా వచ్చారు. తాత్యా స్టూలు మీద కూర్చుని మెడలో ఈలతో ఆడుకోసాగాడు.

"ఎన్నాళ్ళ నుంచి తాత్యా?" అడిగాడు పుండలీక్.

"ఏంటి ఎన్నాళ్ళు?"

"పటికబెల్లం."

తాత్యా గుమ్మం వైపు ఓసారి చూశాడు. "మిల్లు మూసేసినప్పట్నుంచి నాదీ నీ జబ్బే. పిల్లలకి పంచితే ఎవరూ అడగరు కదాని."

"నన్ను అన్నేసి మాటలన్నారు. ఓ మాట చెప్పుంటే..."

"నువ్వెందుకు దాచావో నేనూ అందుకే దాచాను" అన్నాడు తాత్యా చిరాగ్గా. ఆ చిరాకు తన మీదేనని అందరికీ తెలిసిపోయింది. "ఆ డాక్టరమ్మ ఏ రోజు ఉంటుందో చెప్పు. ఆకులు మేయడం ఈ వయసులో పనికొస్తుందో లేదో కనుక్కుంటా."

పుండలీక్ దుప్పటి అంచు నలిపాడు. "అన్న మాట అన్నాను. నా మూలంగా అందరూ దిగారు. ఇక ఉట్టి కింద కాలు పెట్టను. ఘనా, ఆ చోటు నీది."

"నాకొద్దు" అన్నాడు ఘనా టక్కున. "నువ్వు నోరు విప్పకపోయుంటే నా కొడుకు ఈపాటికి ఎక్కడుండేవాడో! పైయేడు నా ఎదురుగా నువ్వే నిలబడు. కాకపోతే కడుపునిండా తిని రా."

తాత్యా లేచి పుండలీక్ భుజం తట్టాడు. "నడిమి చోటు నీదే. పోరా." ఇద్దరూ వెళ్ళిపోయారు. సులభ బిల్లు కట్టడానికి కిందికి దిగింది. పుండలీక్ గుండెలోంచి కొండంత బరువు దిగింది. చోటు నిలిచింది, పిల్ల నిలిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కేతకి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పసుపు బనియన్ మీద బురద ఎండి పెచ్చులు కట్టింది.

"బాబా, ఒకటి అడగనా?"

"అడుగమ్మా."

"నేను పైన లేకపోయుంటే చెప్పేవాడివా?"

పుండలీక్ నోరు తెరిచాడు. చెప్పేవాణ్ణి అనడం ఎంతసేపు? పొద్దున్న అటుకులు తిన్నానన్నంత తేలిక. రోషన్ గుర్తొచ్చాడు, బరువుగా తొక్కుతూ పైకి పోయిన ఆ పాదం గుర్తొచ్చింది. నా కొడుకు కూడా పైనే ఉన్నాడన్నప్పుడు ఘనా గొంతు వణకడం గుర్తొచ్చింది. భుజాల మీదుగా పైకి పోయిన మిగతా పాదాలన్నీ గుర్తొచ్చాయి. వాటికీ తల్లులున్నారు, తండ్రులున్నారు. ఆ ఇంకొక్క క్షణం తను ఎవరి బరువుతో లెక్క కట్టాడో అతనికి తెలుసు.

"లేదమ్మా" అన్నాడు. "చెప్పేవాణ్ణి కాదు."

కేతకి ఏడవలేదు, కసరలేదు. మంచం దగ్గరికి వచ్చి, సులభ ఇంటినుంచి తెచ్చి కొక్కేనికి తగిలించిన అతని చొక్కా జేబులోంచి తెల్ల మాత్రల పట్టీ తీసి తన జేబులో పెట్టుకుంది.

"ఇక మీదట ఇది నా దగ్గరుంటుంది" అంది. "రోజూ పొద్దున నా ఎదురుగా తిని, తర్వాత నన్ను అడిగి తీసుకో. ఇంకో మాట. ఇప్పుడు నాతో చెప్పింది రోషన్‌తో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

పుండలీక్ మంచం దిగి, చెప్పుల కోసం కాళ్ళతో వెతికాడు. కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి. కేతకి వచ్చి భుజం కింద భుజం పెట్టింది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగి, రోషన్ వాళ్ళుండే పక్క చాల్ వైపు నడిచారు.